అంతర్యుద్ధమున అచ్చైన మాట: అమెరికా ఉపన్యాసపత్రముల సేకరణమును గూర్చి

వక్త వేదికపై నిలిచి పలికిన మాటకును, మఱునాడు కాగితముపై అచ్చై పాఠకుని చేతికి వచ్చిన మాటకును గల భేదమును మన విమర్శకులు తఱచుగా పాటింపరు. కావ్యమునకు పాఠాంతరములు వెదకుటలో మనము చూపు శ్రద్ధ ఉపన్యాసమునకు చూపము. తాళపత్రప్రతులు నాలుగు ముందుంచుకొని ఒక పద్యపాదమునకై దినములు గడపు పరిశోధకుడే, ఒక మహావక్త ప్రసంగమును ఉదాహరింపవలసి వచ్చినపుడు చేతికందిన సంకలనము నొకదానిని తీసి, అందున్నదే వక్త పలికిన మాటయని నమ్మును. ఈ నమ్మకము ఎంతటి అపాయమునకు దారితీయునో తెలిసికొనుటకు 1861 మొదలు 1865 వఱకు అమెరికా సంయుక్తరాష్ట్రములలో జరిగిన అంతర్యుద్ధము మంచి నిదర్శనము. ఆవిరితో నడచు అచ్చుయంత్రము, తంతివార్త, రైలుబండి ఈ మూడును కలిసివచ్చిన కాలమది. అందుచే ఆ యుద్ధమునందు తుపాకితోపాటు కాగితమును విరివిగా ఉపయోగపడినది. నేటి విమర్శకుడు ఆ కాగితమును ఏ రూపమున చదువుచున్నాడు, అది అతనికి ఎవరి చేతులమీదుగా వచ్చినది అనునదే ఇచ్చట విచారణీయాంశము.

ముందుగా పరిభాష. ఒకవైపున మాత్రమే అచ్చువేసి, గోడకు అంటించుటకో చేతికి పంచుటకో ఉద్దేశించిన విడికాగితమును ఈ వ్యాసమున ఏకపత్రమనుచున్నాను. మడచి కుట్టిన పలుచని పొత్తమును పుస్తిక యనుచున్నాను. కరపత్రమను మాట మనకు సుపరిచితమేకాని, గోడపై నిలువెత్తున అంటించిన ప్రకటనను కరపత్రమనుట పొసగదు.

ఈ పత్రములు ఎక్కువభాగము వాటంతట అవి పుట్టినవి కావు. 1863 ఫిబ్రవరిలో న్యూయార్కున లాయల్ పబ్లికేషన్ సొసైటీ అను సంఘము వెలసి, తొంబది పుస్తికలను లక్షలకొలది ప్రతులుగా ముద్రించి పంచినది. రాజనీతిశాస్త్రజ్ఞుడైన ఫ్రాన్సిస్ లీబర్ దానికి ప్రాణము. బోస్టనులోని సోదరసంఘము వేఱొక మార్గము త్రొక్కినది. అది ఇతరుల ఉపన్యాసములను, వ్యాసములను ఏకపత్రములుగా అచ్చువేసి పల్లెపట్టణముల పత్రికాసంపాదకులకు పంపెడిది. వారు వాటిని తమ పత్రికలలో తమవిగా ఎత్తి వేసికొనెడివారు. చార్లెస్ ఎలియట్ నార్టన్ ఈ పత్రములకు సంపాదకుడు. ఎదుటిపక్షము ఊరకుండలేదు. న్యూయార్కుననే, అదే నెలలో, తంతి నిర్మాతగా మనము బడిపుస్తకములలో చదివికొనిన శామ్యూల్ మోర్స్ అధ్యక్షుడుగా, లింకన్ విధానములను ఖండించు పుస్తికలకై మఱియొక సంఘము ఏర్పడినది. కావున ఒక ఉపన్యాసము పుస్తికగా నిలిచియున్నదనిన, అది శ్రోతలను మెప్పించినదని అర్థము కాదు. దానిని అచ్చువేయుటకు ఎవరో సొమ్ము పెట్టిరని మాత్రమే అర్థము. ఆ సొమ్మెవరిదో పుస్తిక అట్టపై నుండును, సంకలనమున నుండదు.

పాటల పత్రముల స్థితి ఇంకను చిక్కైనది. న్యూయార్కున డి మార్సన్, చార్లెస్ మాగ్నస్, ఫిలడెల్ఫియాలో జాన్సన్, ఆనర్ మున్నగువారు అమ్మిన ఏకపత్రములపై పాట మాత్రమే యుండును, స్వరము ఉండదు. పైన ఫలానా పాట రాగమున పాడవలెనని ఒక పంక్తి. మన బజారు పాటలపుస్తకములలో 'వరుస' అని వేయుదుమే, సరిగా అదియే. తేది యుండదు, పెక్కింటిపై కవి పేరును ఉండదు. అంచున చెక్కడపు పూలబొమ్మలు, అడుగున అంగడి చిరునామా ఉండును. ఆ చిరునామాయే పరిశోధకునికి పెన్నిధి. అంగడి ఎప్పుడు ఏ వీధికి మారినదో నగరపు చిరునామాపుస్తకములలో చూచి పాటకు కాలము కట్టవచ్చును. ఫిలడెల్ఫియా లైబ్రరీ కంపెనీ ప్రతులపై ఎడ్విన్ వుల్ఫ్ 1963లో ప్రకటించిన పట్టిక ఈ విషయమున ఇప్పటికిని ఆధారగ్రంథము. పాట బాగున్నదని ఎత్తివ్రాసికొని, చిరునామా వదలివేసినవాడు ఆ పాటకు గల ఏకైక కాలాధారమును చేజేతుల పాఱవైచిన వాడగును.

ఒకే పాఠము కాగితము మాఱినంతమాత్రమున అర్థము మాఱునా అని అడుగువారికి ఒక ఉదాహరణము. జూలియా వార్డ్ హౌ రచించిన రిపబ్లిక్ యుద్ధగీతము 1862 ఫిబ్రవరిలో బోస్టను మాసపత్రిక అట్లాంటిక్ మంత్లీలో వెలువడినది. అది చదువుకొనినవారి పత్రిక. ఆ గీతము అచ్చట భక్తికవిత. మఱుసటి సంవత్సరము ఫిలడెల్ఫియాలో నల్లజాతి సైనికదళములకు మనుష్యులను చేర్చు సంఘమువారు ఆ గీతమునే తమ పేరుతో, తమ కార్యాలయపు చిరునామాతో ఏకపత్రముగా అచ్చువేసిరి. ఇతరుల స్వేచ్ఛకై ప్రాణము లర్పింతమను భావము శ్వేతజాతి పాఠకునికి త్యాగము. ఆ ఏకపత్రమును చదివినవానికి ఆ స్వేచ్ఛ తనది, తన ఆలుబిడ్డలది. పాఠమున అక్షరము మాఱకున్నను, పాఠకుడు మాఱినాడు. రసచర్చలో సామాజికుని అధికారమును గూర్చి ఇంత చెప్పుకొను మనము ఈ మార్పును గణింపకపోవుట తగదు.

ఇక ఉపన్యాసములలో జగత్ప్రసిద్ధమైనదానిని చూతము. 1863 నవంబరు 19వ తేదీన గెటిస్‌బర్గ్ యుద్ధభూమిలో శ్మశానవాటిక ప్రతిష్ఠ జరిగినది. ఆనాటి ప్రధానవక్త ఎడ్వర్డ్ ఎవరెట్ రెండు గంటలు ప్రసంగించెను. లింకన్ పలికినది సుమారు 270 మాటలు. ఎవరెట్ శబ్దాడంబరము మఱపున పడినది, లింకన్ సంక్షేపము నిలిచినది అని పాఠ్యపుస్తకములు చెప్పును. ఈ తీర్పు నిజమే కావచ్చును. అది వెంటనే వెలువడినదని తలచుట మాత్రము పొరపాటు. ఎవరెట్ తన ప్రసంగమును ముందుగానే అచ్చుకూర్పించి పత్రికలకు అందజేసెను. న్యూయార్కున బేకర్ అండ్ గాడ్విన్ వారు ఆ సంవత్సరముననే వెలువరించిన 48 పుటల పుస్తికకు ఎవరెట్ ప్రసంగమే పేరు, ఎవరెట్ ప్రసంగమే శరీరము. లింకన్ మాటలు 40వ పుటలో తక్కిన కార్యక్రమముతోపాటు వచ్చును, నడుమ కరతాళధ్వనుల సూచనలును కలవు. ఆ పుస్తికను చేతబట్టి చదివిన 1863నాటి పాఠకునికి సాహిత్యమనదగినది ఏదో అచ్చుపుటయే చెప్పుచున్నది. నేటి సంకలనకర్త నలువది పుటలను తొలగించి ఒక్క పుటను నిలిపి, ఆనాటి అభిరుచి ఇట్టిదని మనకు చూపుచున్నాడు. అది నేటి అభిరుచి. వాషింగ్టనున క్రానికల్ పత్రికవారు అంతకుముందే తెచ్చిన పదునాఱు పుటల పుస్తిక ప్రతులు వ్రేళ్లపై లెక్కింపదగినన్ని మాత్రమే నేడు మిగిలియున్నవి.

పాఠనిర్ణయమున చిక్కు ఇంతకంటె లోతైనది. లింకన్ స్వహస్తమున వ్రాసిన ప్రతులు ఐదు కలవు. నికొలే, హే, ఎవరెట్, బాన్‌క్రాఫ్ట్, బ్లిస్ అని వాటిని దాచినవారి పేర్లతో వ్యవహారము. మొదటి రెండింట 'దైవచ్ఛాయలో' అను అర్థము నిచ్చు పదబంధము లేదు. ఆ దినమున విన్న విలేఖరులు తంతిద్వారా పంపిన పాఠములలో అది కలదు. అనగా వక్త వేదికపై ఆ మాట చేర్చెనని ఊహింపవచ్చును. కడపటిదగు బ్లిస్ ప్రతి పుట్టుక విచిత్రము. 1864లో బాల్టిమోరున గాయపడిన సైనికుల సహాయార్థము జరుగనున్న సంతలో అమ్ముటకు గ్రంథకర్తల చేవ్రాతల రాతిముద్రణ సంపుటము నొకదానిని సిద్ధపఱచుచు లింకనుచే ప్రసంగమును వ్రాయించిరి. అతడు కాగితమునకు రెండువైపుల వ్రాయుటచే అది రాతిముద్రణకు పనికిరాలేదు. మఱల వ్రాయించిరి. ఆ రెండవది బ్లిస్ ప్రతి. శీర్షికయు, తేదియు, సంతకమును కలిగియుండుటచే అదియే ప్రామాణికమై, వాషింగ్టనులోని లింకన్ స్మారకమందిరపు గోడపై చెక్కబడినది. సైనికుల సమాధులయొద్ద పలికిన మాట ధర్మార్థపు సంతకై సవరింపబడి శాశ్వతరూపము పొందెను. ఇందు తప్పేమియు లేదు. శుద్ధప్రతి ఏది యనుటలో కవి కడపటి సంకల్పమును పాటింతుమా, శ్రోత విన్నదానిని పాటింతుమా అను ప్రశ్న మాత్రము తెఱచియే యున్నది. ఉపన్యాసమునకు శ్రోత విన్నదే ప్రధానమని నా అభిప్రాయము. అది నిలుపునది నాటి పత్రికాపత్రమేకాని చేవ్రాత కాదు.

దక్షిణపక్షమున ఇట్టి ప్రశ్నయే మఱింత కఠినముగా ఎదురగుచున్నది. 1861 మార్చి 21వ తేదీన జార్జియా రాష్ట్రమునందలి సవాన్నా నగరమున దక్షిణరాష్ట్రకూటమి ఉపాధ్యక్షుడు అలెగ్జాండర్ స్టీఫెన్స్ ఒక ప్రసంగము చేసెను. నల్లజాతి శ్వేతజాతితో సమానము కాదనియు, దాస్యమే దాని సహజస్థితి యనియు, తమ నూతనప్రభుత్వమునకు ఈ సిద్ధాంతమే మూలశిల యనియు దాని సారాంశము. 'మూలశిలోపన్యాస' మను పేరు అందుండి వచ్చినదే. అది ముందుగా వ్రాసికొని చదివినది కాదు. సవాన్నా రిపబ్లికన్ పత్రిక విలేఖరి ఎత్తివ్రాసి ప్రకటించుచు ఇది సంపూర్ణపాఠము కాదని తానే చెప్పెను. యుద్ధమున ఓటమి ప్రాప్తించిన పిదప, 1865లో బోస్టను రేవునందలి కోటలో బందీగానుండి వ్రాసికొనిన దినచర్యలో స్టీఫెన్స్ ఆ పాఠము తప్పులతడక యనెను. పిమ్మట రెండు పెద్ద సంపుటములు రచించి, యుద్ధకారణము దాస్యము కాదు, రాష్ట్రముల అధికారములను గూర్చిన రాజ్యాంగవివాదమని వాదించెను.

ఈ ఘట్టముననే సేకరణమునకు గల అసలైన ప్రయోజనము తేటపడును. వక్తయే కాదనిన పాఠమును మనము ఎట్లు నమ్ముదుము? స్టీఫెన్స్ దినచర్యను జాగ్రత్తగా చదివినచో, విలేఖరి వ్రాతను తాను త్వరత్వరగా దిద్దితినని అతడు అందే ఒప్పుకొనుట కనబడును. దిద్దినవాడు మూలశిలను తొలగింపలేదు. మఱియు, సవాన్నా ప్రసంగమునకు కొలదిదినములు ముందు అట్లాంటాలో అతడు పలికిన మాటలును నాటి పత్రికలో అచ్చైయున్నవి, భావ మొక్కటియే. రెండు నగరములలో ఇద్దఱు వేఱువేఱు విలేఖరులు ఒకే పొరపాటు చేసిరనుట నమ్మదగదు. కాని ఇప్పటికిని పెక్కుమంది వ్యాసకర్తలు ఉదాహరించునది 1861నాటి పత్రిక కాదు. హెన్రీ క్లీవ్‌లాండ్ 1866లో ప్రకటించిన స్టీఫెన్స్ జీవితగ్రంథమునందలి పాఠము. యుద్ధానంతరగ్రంథమును పట్టుకొని యుద్ధపూర్వపు మాటను నిరూపింపబోవుట ప్రతివాదికి చేయూత నిచ్చుటయే. నేరము జరిగిననాటి కాగితము చేతనుండగా, తరువాత తీసిన నకలును న్యాయస్థానమున చూపుదుమా?

సంగ్రాహకుల విషయమునకు వత్తము. యుద్ధము నడుచుచుండగనే సేకరణము మొదలిడినవాడు ఫ్రాంక్ మూర్. 1861లో ఆరంభమైన అతని 'రెబెలియన్ రికార్డు' సంపుటములలో ఆ సంవత్సరపు ఎవరెట్ ప్రసంగమే పీఠికగా నిలిచినది. అతని శ్రమ అసామాన్యము. ఐనను దినవృత్తము, పత్రములు, కవితలు-వదంతులు అని మూడు భాగములుగా చీల్చి వేఱువేఱు పుటసంఖ్యలు వేయుటచే, ఒకే దినమున ఒకే వీధిలో అమ్ముడైన ఉపన్యాసమును పాటయు ఒకదానికొకటి అపరిచితములైపోయినవి. వెల, ముద్రాపకుడు, కాగితపు కొలత అతనికి అనవసరములుగా తోచినవి. ఆ రోజులలో అవి అందఱికి తెలిసినవే గదా యని అతడు తలచియుండును. ఈ గ్రంథమును తెఱచిన ప్రతిసారి నాకు కృతజ్ఞతయు విసుగును ఒకేమాఱు కలుగును. 1866లోనే జాన్ రస్సెల్ బార్ట్‌లెట్ ఆరువేలకు పైబడిన గ్రంథములు, పుస్తికల పట్టికను ప్రకటించెను. యుద్ధము ముగిసిన సంవత్సరములోపల ఇంతటి పట్టిక వెలువడుట ఆశ్చర్యకరమేకాని, ఏకపత్రములకు అందు చోటు లేదు.

దక్షిణపక్షపు అచ్చుప్రతులకు నేడు ఆటపట్టు బోస్టను ఎథీనియం గ్రంథాలయము. ఇది చూచుటకు వింతగా నుండును. 1865లో చరిత్రకారుడు ఫ్రాన్సిస్ పార్క్‌మన్ దక్షిణమునకు పోయి ఆ గ్రంథాలయమునకై కొన్నవి దానికి బీజము. ఆ ప్రతుల ఆధారముననే మార్జొరీ క్రాండాల్ 1955లో పట్టికను, రిచర్డ్ హార్వెల్ 1957లో దాని అనుబంధమును వెలువరించిరి; 1987నాటి పారిష్-విల్లింగ్‌హామ్ పట్టికలో అంశములు తొమ్మిదివేలు దాటినవి. ఓడినవారి కాగితము గెలిచినవారి నగరమున పదిలముగా నున్నది. మనకును ఇట్టి అనుభవము కలదు. జాతీయోద్యమకాలమున ఆంగ్లప్రభుత్వము నిషేధించిన తెలుగు కరపత్రములు లండనులోని బ్రిటిష్ లైబ్రరీయందును, ఢిల్లీలోని జాతీయ అభిలేఖాలయమునందును నిలిచినవనిన, నిషేధించిన కార్యాలయములే వాటిని సాక్ష్యమునకై దాచుట దానికి కారణము. పాడుకొనినవారి యిండ్లలో అవి చెదలపాలైనవి. కొన్నేండ్ల క్రిందట, పేరు చెప్పుట అనవసరమైన ఒక గ్రంథాలయమున, బుఱ్ఱకథల పుస్తికలు ముప్పదింటిని ఒక్కటిగా బైండుచేయించి యుండగా చూచితిని. అందముగానే యున్నది. కాని అట్టలన్నియు తీసివేసిరి. వెల లేదు, ముద్రణాలయము లేదు, సంవత్సరము లేదు. బైండు చక్కగా కుదురుటకై అట్లు చేసితిమని అచ్చటివారు సెలవిచ్చిరి.

సంగ్రాహకుని ఆసక్తియే మోసమునకు దారి చూపుననుటకు విక్స్‌బర్గ్ కథ ఒకటి చాలును. ముట్టడిలోనున్న ఆ నగరమున కాగితము లేక డెయిలీ సిటిజన్ పత్రికను గోడలకంటించు పూలకాగితపు వెనుకవైపున అచ్చువేసిరి. 1863 జూలై 2వ తేదీ సంచికలో, శత్రుసేనాని గ్రాంట్ నాలుగవ తేదీనాటికి నగరమున విందారగింపదలచెనట యని, మన 'ఆలు లేదు చూలు లేదు' సామెత వంటి ఎగతాళి ఒకటి కలదు. నాలుగవ తేదీననే నగరము వశమైనది. లోనికి వచ్చిన సైనికులు కూర్చియున్న అక్షరములను అట్లే యుంచి, అడుగున తమ జవాబును చేర్చి అచ్చుకొట్టిరి. ఇది పూలకాగితపు కడపటి సంచిక యనియు, ముందుముందు వింతవస్తువుగా విలువ పొందుననియు ఆ జవాబులోనే కలదు. పత్రము పుట్టుచునే తన్ను దాచుకొనుమని చెప్పినది. ఆ మాట వినినవారు ఎక్కువై, తరువాతి దశాబ్దములలో నకళ్లు అనేకములు బయలుదేఱినవి. అసలు ప్రతిని గుర్తించుటకు అమెరికా కాంగ్రెసు గ్రంథాలయమువారు కొలతలను, అచ్చుతప్పులను పేర్కొనిరి. పత్రికపేరు అన్నియు పెద్దయక్షరములలో నుండవలెను; నాలుగవ వరుసలో ఒక మాటయందు అక్షరము తప్పుపడియుండవలెను. నకలుచేసినవారు తప్పును దిద్దిరి, పట్టుబడిరి. లేఖకదోషములను బట్టి ప్రతులకు వంశవృక్షము గీయు మన పరిష్కర్తలకు ఈ మార్గము క్రొత్తది కాదు.

ప్రతి అసలైనదైనను, తేదియు అట్టయు చెక్కుచెదరకున్నను, ఒంటరిగా చదివినచో అది అబద్ధమాడు సందర్భములు కలవు. ఫిలడెల్ఫియాలో నల్లజాతి దళములకు మనుష్యులను చేర్చు సంఘమువారే 1863 జూలై 6వ తేదీన నేషనల్ హాలున సభ జరిపిరి. విలియం కెల్లీ, ఏనా డికిన్‌సన్, ఫ్రెడరిక్ డగ్లస్ ప్రసంగించిరి; ముగ్గురి మాటలును ఒక పుస్తికగా వెలువడినవి. దాస్యమునుండి తప్పించుకొని వచ్చి మహావక్తయైన డగ్లస్, సైన్యమున చేరుడని తనవారిని ప్రబోధించెను. ఆయన కుమారు లిద్దఱు అప్పటికే మాసచుసెట్స్ 54వ దళమున చేరియుండిరి. ఆ పుస్తికను, అదే సంఘమువారు గోడల కంటించిన నిలువెత్తు పిలుపులను పక్కపక్కన నుంచి చదివినచో, ఉత్సాహము తప్ప మఱేమియు కానరాదు.

కాని శ్వేతసైనికునికి నెలకు 13 డాలర్లు ఇచ్చుచుండగా, నల్లసైనికునికి 10 డాలర్లే ఇచ్చి అందు 3 బట్టలకై పట్టుకొనవలెనని యుద్ధశాఖ అంతకుముందు నెలలోనే నిర్ణయించెను. జూలై 18న 54వ దళము వాగ్నర్ కోటపై పడి ఘోరముగా దెబ్బతినినది. పట్టుబడిన నల్లసైనికులకు దక్షిణమువారు యుద్ధఖైదీల మర్యాద చూపరను భయము బలపడినది. ప్రతీకారము తప్పదని లింకన్ జూలై 30న ఉత్తరువు చేసెను. అది తెలియకయే ఆగస్టు 1వ తేదీన డగ్లస్, ఇక తాను మనుష్యులను చేర్పజాలనని దళములకు మనుష్యులను సమకూర్చు మేజర్ స్టెర్న్స్‌కు ఉత్తరము వ్రాసెను. పదవ తేదీన వాషింగ్టను వెళ్లి లింకనును స్వయముగా కలిసికొని జీతములమాటయు, ఖైదీలమాటయు అడిగెను.

జూలై 6నాటి పుస్తిక ఉపన్యాససంగ్రహములలో దొరకును. ఆగస్టు 1నాటి లేఖ డగ్లస్ తన మాసపత్రికలో ప్రకటించినది. ఆ పత్రిక ఆ నెలతోనే ఆగిపోయినది. ఒకటి పుస్తికల అలమారలో, ఒకటి పత్రికల అలమారలో నుండుటచే వాటిని కలిపి చదివినవారు తక్కువ. నడుమ గడచినవి ఇరువదియాఱు దినములు. జీతములు సమానము చేయు శాసనము కాంగ్రెసునందు 1864 జూన్ మాసమునకుగాని కాలేదు.